రేవు మొదలయ్యే చోట

మా పడవకి సరంగు మా ఆవిడ. నేను కళాసీని.

ముప్ఫై నాలుగేళ్లు ఓడల కార్ఖానాలో ఇనప రేకులు అతికినవాణ్ణి. నా చేతి వెల్డింగు పడ్డ ఓడలు ఇప్పుడు ఏయే సముద్రాల్లో తిరుగుతున్నాయో నాకే తెలీదు. అలాంటివాణ్ణి, సొంత పడవని రేవులోకి తేవడానికి నువ్వు పనికిరావు పొమ్మంది ఒక కాగితం. యాభై ప్రశ్నలున్న కాగితం.

సంగతేంటంటే, ఇంజను పడవకి లైసెన్సుండాలి. లైసెన్సున్న మనిషి పక్కనుంటే నడి సముద్రంలో ఎవరు చక్రం పట్టుకున్నా అడిగేవాడు లేడు. రేవులోకొచ్చాక మాత్రం ఆ లైసెన్సున్న మనిషే పట్టాలి. అయిదేళ్ల కిందట నేనూ మా ఆవిడ చిజురూ ఒకే రోజు, ఒకే గదిలో, ముందో బల్ల వెనకో బల్ల కూర్చుని పరీక్ష రాశాం. ఆవిడ పాసయింది. నేను తప్పాను. మళ్లీ రాశాను, తప్పాను. మూడోసారీ తప్పాక ఇంక ఆ గుమ్మం తొక్కలేదు. పదిహేనో ఏట బడి మానేసి కార్ఖానా గేటు లోపలికి పోయినవాడికి కాగితాలతో పనేంటని నాకు నేనే చెప్పుకున్నాను.

అందుకని మా పద్ధతి ఇది. ఏ రేవు ముఖానైనా ఎర్ర దీపస్తంభం ఒకటి, ఎదురుగా తెల్లది ఒకటి ఉంటాయి. ఎర్రదాని పక్కకి రాగానే నేను చక్రం వదిలేసి, "సరంగూ! రేవొచ్చింది, పట్టుకో!" అని కేకేస్తాను. అన్నం వారుస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా చిజురు వచ్చి పట్టుకుంటుంది. నేను వెదురు గెడ తీసుకుని పడవ ముక్కు మీదికి పోతాను. గెడతో గోడని తోసి, మోకు విసిరి, పడవ కట్టేస్తాను. ఆ 'సరంగూ' అనడంలో మొదట్లో బోలెడు వెటకారం ఉండేది. అయిదేళ్లు అరిచీ అరిచీ అది కాస్తా అరిగిపోయింది. ఎంత అరిగినా, ఒడ్డున ఉన్నవాళ్లకి వినపడేంత గట్టిగా మాత్రం నేను ఎప్పుడూ అనలేదు.

కార్ఖానావాళ్లు నలభై తొమ్మిదో ఏట నన్ను పొమ్మన్నారు. పొమ్మంటూ చేతిలో పెట్టిన దాంతో ఒక ముసలి జాలరి దగ్గర ఈ పడవ కొన్నాం. ఆక్టోపస్‌లు పట్టే పడవ. వాసన పోవడానికి రెండేళ్లు పట్టింది. నేను కేబిను కట్టాను, రెండు పడకలు, ఒక పొయ్యి, వాన నీళ్లకి తొట్టి. చిజురు దానికి సుజుమే అని పేరు పెట్టింది, పిచ్చుక అని. మార్చిలో ఓషిమా దీవిలో మా ఇంటికి తాళం వేసి బయల్దేరితే నవంబరు చలికి గానీ తిరిగి రాం. ఈ లోపలి సముద్రంలో దీవి దీవికీ ఒక రేవు. పోటూ పాటూ చూసుకుని ఇక్కణ్ణించి అక్కడికి, అక్కణ్ణించి ఇంకో దీవికి. తొందరేం లేదు. తెల్ల బూట్లేసుకుని తెల్ల పడవల్లో వచ్చే షోకిలారాయుళ్లంటే నాకు మంట. అంతకు మించి ఈ సముద్రంలో నాకు నచ్చనిదేం లేదు. ఒడ్డు మీదైతే నచ్చనివి చాలా ఉన్నాయి.

జూన్ మొదట్లో మితారాయి రేవుకి పోయాం. అక్కడ గట్టు మీద మురోయి తాత ఎప్పుడూ ఒక చేపల పెట్టె బోర్లించుకుని కూర్చుని ఉంటాడు. ఎనభై దాటాయి. పళ్లు లేవు గానీ నోరుంది. చిజురు పడవని వెనక్కి తిప్పి, రెండు జాలరి పడవల సందులోకి వెన్నలో కత్తి దించినట్టు దించింది. నేను గెడతో ముందు నిలబడ్డాను.

"ఏమయ్యా ఇసామూ," అన్నాడు తాత, "ఈసారీ మీ ఆవిడేనా చక్రం పట్టింది?"

"భుజం నొప్పి తాతా. వెల్డింగు పని కదా, కుడి భుజం పోయింది."

"కిందటేడు ఎడమ భుజం అన్నట్టున్నావే."

"రెండూ పోయినయ్యి."

"అయ్యో పాపం. ఆ నొప్పితోనే ఆ గెడ భలే తోస్తున్నావయ్యా."

పక్కనున్న ఇద్దరు ముసలాళ్లు దగ్గుతున్నట్టు నవ్వారు. చిజురు ఇంజను ఆపింది. బుట్టలోంచి నాలుగు బత్తాయిలు తీసి తాతకిచ్చి, దణ్ణం పెట్టి, ఊళ్లో అందరూ వాడే స్నానాల ఇంటికి పోయింది.

ఆ సాయంత్రం పొద్దు ఇంకా ఉండగానే అన్నానికి కూర్చున్నాం. ఆక్టోపస్ ముక్కలు వేసి వండిన అన్నం, ఊరబెట్టిన ముల్లంగి. నాకిష్టమైన వంట. ఇష్టమైన వంట చేసిందంటే ఏదో మూడిందన్నమాటే, ఇరవై ఆరేళ్ల కాపురంలో అది తెలుసుకున్నాను.

"అక్టోబరుకి నా లైసెన్సుకి అయిదేళ్లు నిండుతాయి," అంది.

"రెన్యూ చేయించుకో. కళ్లు చూస్తారు, కాసేపు క్లాసు చెబుతారు, అంతేగా."

"చేయించుకోను."

నా చేతిలో అన్నం తినే పుల్లలు ఆగిపోయాయి.

"ఏప్రిల్లో యుగే రేవులో నాకు జ్వరమొచ్చింది, గుర్తుందా? తొమ్మిది రోజులు కదల్లేక ఆ గోడకి అతుక్కుని పడున్నాం. నువ్వేమో తిండి లేని పిల్లిలా గట్టు మీద అటూ ఇటూ తిరిగావు. రేపు నాకు ఇంకేదైనా అయితే? నడి వయసు దాటుతున్నాం. ఇద్దరుండే పడవలో ఒక్కరే సరంగైతే కుదరదు."

"అయితే ఏమంటావ్?"

"సెప్టెంబరులో ఒనోమిచిలో పరీక్షుంది. నువ్వు పాసవ్వు. ఇద్దరం తిరుగుదాం, నేను రెన్యూ చేయించుకుంటాను. పాసవ్వకపోతే పడవ సేరా డాక్టరుకి ఇచ్చేద్దాం. కొంటానని మూణ్ణెల్లుగా అడుగుతున్నాడు."

సేరా అంటే ఫుకుయామాలో పళ్ల డాక్టరు. తెల్ల బూట్లు.

"ఆ పళ్లు పీకేవాడికి నా పడవ ఇస్తావా?"

"అంత నీ పడవైతే నువ్వే రేవులో కట్టెయ్యి." తన గిన్నె కడిగేసి లేచింది. లేస్తూ, "ఇంకో మాట. ప్రతి రేవులోనూ నీ భుజం నొప్పి వినీ వినీ నాకు చెవి నొప్పొచ్చింది," అంది.

ఆవిడ ఒకసారి అన్నదంటే అన్నట్టే. పడవ పోతే నేను ఓషిమాలో ఆ ఇంట్లో టీవీ ముందు కూర్చోవాలి. కార్ఖానా పక్కనుంచే కూరగాయల కొట్టుకి పోవాలి. కిందటి చలికాలం ఆ నాలుగు నెలల్లోనే పక్కింటివాళ్లతో మూడుసార్లు దెబ్బలాడాను. నీళ్ల మీద నేను కాస్త మనిషిలా ఉంటాను. నేల మీద ఉండను. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసే అంది.

సరే, పుస్తకం తెప్పించాం. చదువు మొదలైంది. జూలై అంతా నేను నడి సముద్రంలో చక్రం పట్టుకుంటే, ఆవిడ గడ్డి టోపీ పెట్టుకుని పక్కన కూర్చుని ప్రశ్నలు చదివేది. ఎండ నెత్తి మాడ్చేది. ఒక ప్రశ్న దగ్గర మాత్రం రోజూ యుద్ధమే.

"ఇరుకు కాలవలో పోతున్నావు. ఏ పక్కన ఉండాలి? ఒకటి, ఎడమ. రెండు, కుడి. మూడు, నడిమధ్య. నాలుగు, ఎలాగైనా సరే."

"పోటా పాటా?"

"అది అడగలేదు."

"అడక్కపోతే ఎట్లా చెప్పను? నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పకుండా ఏ పక్కనుండాలో అడిగేవాడెవడు? వాడెప్పుడైనా సముద్రం మొహం చూశాడా?"

ఇది నా మూర్ఖత్వం కాదు. మా ఓషిమా ముందున్న కురుషిమా జలసంధిలో ఓడల దారి నీటిని బట్టి మారుతుంది. వాలు వెంట పోయే ఓడ నడిపాయలోంచి పోవాలి, ఎదురీదే ఓడ పడమటి పాయలోంచి పోవాలి. ఆరేడు గంటలకోసారి నీళ్లు తిరిగితే ఓడలూ పక్కలు మార్చుకుంటాయి. కొండ మీది పెద్ద పలకల్లో ఆ గుర్తులు చూస్తూ పెరిగాం. అక్షరాల కంటే ముందు అవే నేర్చుకున్నాం. మొదటి పరీక్షలో ఆ ఒక్క ప్రశ్న దగ్గరే చాలాసేపు కూర్చున్నాను. నీళ్లు ఎటు పోతున్నాయో ఇంకో పేజీలో రాశారేమోనని కాగితం తిరగేసి కూడా చూశాను. టైమైపోయింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే.

"అది మన గుమ్మం ముందు మాత్రమేనయ్యా," అంది చిజురు. "మిగతా లోకమంతా కుడి పక్కనే."

"అయితే లోకమంతా తప్పు."

"సరే, తప్పే. జవాబు ఇదేనని ఆ తప్పు మీదే గీత గియ్యి."

ఆ మాట నా బుర్రకెక్కింది. సరైనది రాయమంటే నా చెయ్యి ఆడదు. లోకం ఎలా తప్పు చేస్తుందో రాయమంటే ఎన్నయినా రాస్తాను, ఆ విషయంలో నాకు మంచి అనుభవముంది. ఆ రోజు నుంచీ ప్రతి ప్రశ్నకీ, "ఇక్కడ ఈ ఆఫీసువాళ్లు ఏమనుకుంటారు?" అనే అడిగేది. టక్కున చెప్పేవాణ్ణి. ఆగస్టు చివరికి యాభైకి నలభై ఆరు వచ్చాయి. ఆ రోజు ఒక బీరు ఇద్దరం పంచుకున్నాం. పడవ వెనక్కాల జెల్లీ చేపలు తెల్లగా ఊగుతున్నాయి. ఈత కొడదామనుకుని మానేశాం.

సేరా డాక్టరు మధ్యలో ఒకసారి వచ్చి పడవ చూసుకున్నాడు. బూట్లు విప్పి, మేజోళ్లతో నా డెక్కు మీద నడిచాడు. వేలి ముడితో గోడని టకటకా కొట్టి చెవి పెట్టి విన్నాడు.

"పుచ్చిందేమో చూస్తున్నారా డాక్టరుగారూ?" అన్నాను.

"అలవాటండీ," అని నవ్వాడు. మంచివాడే, అదే నాకు ఇంకా మంట. పరీక్ష అయిన మర్నాడు, ఆదివారం, ఆఖరి మాట కోసం ఫోన్ చేస్తానన్నాడు.

పరీక్ష శనివారం. పొద్దున రాత పరీక్ష, మధ్యాహ్నం పడవ మీద. గదిలో అందరికంటే పెద్దవాణ్ణి నేనే. పెన్సిలు ముల్లులా చెక్కి ఇచ్చింది చిజురు. ఏడో ప్రశ్న, ఇరుకు కాలవ, రానే వచ్చింది. మనసులో కురుషిమాకి దణ్ణం పెట్టుకుని, కుడి మీద గీత గీశాను. పన్నెండింటికి గోడ మీద కాగితం అంటించారు. నా నంబరుంది. నేను నమ్మక, నంబరు మీద వేలు పెట్టి మూడుసార్లు చూశాను. చిజురు నన్ను లాక్కుపోయి అన్నం ముద్దలు తినిపించింది, లోపల ఊరగాయ రేగుపండు పెట్టినవి.

"ఇంక మిగిలింది పడవేగా," అన్నాను నోట్లో అన్నంతో. "అది నా అత్తారిల్లు."

"ఎక్కువ మాట్లాడకు. తిను."

పరీక్ష చేసే అబ్బాయికి ముప్ఫై అయిదుంటాయి, మర్యాదస్తుడు. నాతోపాటు ఇద్దరు కుర్రాళ్లు ఎక్కారు. వాళ్ల వంతు అయ్యాక నా వంతు. మోకు ముళ్లు కళ్లు మూసుకుని వేశాను. సముద్రంలోకి ఒక ఎర్ర బుడగ పారేసి, అది మనిషనుకుని ఎక్కించుకోండన్నారు. గాలి ఎటుందో చూసి, పక్కకి ఒదిగి, చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తాను. ఒక కుర్రాడు చప్పట్లు కూడా కొట్టాడు. వంకర టింకరగా పొమ్మంటే పోయాను. ఆ అబ్బాయి కాగితం మీద టిక్కులు పెడుతుంటే ఆ చప్పుడు నాకు కమ్మగా వినిపించింది.

"చాలా బాగుంది. ఇంక తిరిగి వెళ్లి ఒడ్డున తేలే ఆ పంటుకి కట్టేస్తే అయిపోతుంది," అన్నాడు.

రేవు ముఖం వచ్చింది. కుడి చేతి వైపు ఎర్ర స్తంభం. మనసు ఎక్కడో ఉంది. ఆదివారం డాక్టరు ఫోన్ చేస్తే ఏమనాలో మాటలు కూర్చుకుంటున్నాను, వాటిలో పళ్ల గురించి ఒక మంచి మాట కూడా కుదిరింది. ఎర్ర స్తంభం పక్కకి వచ్చింది.

నా చేతులు చక్రం వదిలేశాయి.

నేను వదల్లేదు, నా చేతులు వదిలాయి. లేచి నిలబడి గొంతెత్తి, "సరంగూ! రేవొచ్చింది, పట్టుకో!" అని కేకేసి, గెడ కోసం ముక్కు మీదికి నడిచాను. గెడ లేదు. పరాయి పడవలో గెడ ఎందుకుంటుంది? చెయ్యి గాల్లో తడుముకుంటుంటే గానీ నేనెక్కడున్నానో నాకు తెలీలేదు. వెనక్కి తిరిగేసరికి కుర్రాళ్లిద్దరూ నోరు తెరుచుకుని చూస్తున్నారు. చక్రం దగ్గర ఎవరూ లేరు. పడవ దాని మానాన అది గోడ వైపు పోతోంది. ఆ అబ్బాయి ఒక్క దూకు దూకి చక్రం పట్టుకుని పడవని వెనక్కి లాగాడు.

"ఇసాము గారూ!" అన్నాడు రొప్పుతూ. "ఎవరిని పిలిచారు? ఏ సరంగు?"

భుజం నొప్పని చెబుదామనుకున్నాను. నాలిక దాకా వచ్చింది. కానీ పంటు మీద, అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న చిజురు లేచి నిలబడి ఇటే చూస్తోంది. కేక అక్కడిదాకా వినిపించినట్టుంది. చుట్టుపక్కల పడవలవాళ్లూ తలలు తిప్పి చూస్తున్నారు.

"అదిగో, ఆవిడ," అన్నాను వేలు చూపించి. "నా భార్య. మా పడవకి సరంగు. రేవులో ఎప్పుడూ ఆవిడే పడుతుంది, అయిదేళ్లుగా. నాకు లైసెన్సు లేదుగా. చట్టం కదండీ."

ఆ అబ్బాయి కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"చట్టాన్ని ఇంత బాగా పాటించినవాణ్ణి నేను చూడలేదండీ," అన్నాడు. "కానీ చక్రం నేను పట్టుకోవాల్సొచ్చింది. పరీక్ష ఇక్కడితో అయిపోయినట్టే. తప్పినట్టు రాయక తప్పదు. రాత పరీక్ష మాత్రం మళ్లీ రాయక్కర్లేదు."

భయపడ్డ కాగితం పాసయ్యాను. అత్తారిల్లనుకున్న పడవలో తప్పాను. ఇలాంటివి నాకే జరుగుతాయి.

పంటు మీదికి దిగి చిజురు ముందు నిలబడ్డాను. ఆవిడ మొహం ఎర్రగా ఉంది. ఏడుస్తోందనుకున్నాను.

"తప్పాను," అన్నాను. "రేపు డాక్టరుకి చెప్పెయ్యి. ఆ పొయ్యి మాత్రం ఇవ్వను, అది నేను కట్టింది."

ఆవిడ నవ్వు ఆపుకోలేక అక్కడే కూలబడింది. డబ్బా దొర్లిపోయింది. ఊపిరాడక నా పంట్లాం కాలు పట్టుకుంది. పరీక్ష అబ్బాయి కూడా అటు తిరిగి భుజాలు ఊపుతున్నాడు.

"ఏంటా నవ్వు? ఇల్లు కూలుతుంటే."

"ఏమని అరిచావు?"

"విన్నావుగా."

"మళ్లీ అను."

"రేవొచ్చింది, పట్టుకో."

"దానికి ముందు."

చుట్టూ చూశాను. జనం ఉన్నారు. ఉంటే ఉన్నారు.

"సరంగూ," అన్నాను.

ఆవిడ కళ్లు తుడుచుకుని లేచి, డబ్బా ఏరుకుంది. బస్టాపు దాకా నడిచాం. దారిలో రెండుసార్లు మళ్లీ నవ్వొచ్చి ఆగిపోయింది. రెండోసారి నాకూ నవ్వొచ్చింది, ఎందుకో తెలీదు. నేను తప్పినందుకు నేనే నవ్వడం అదే మొదలు.

ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. నేను తీయబోతే ఆవిడ లాక్కుంది.

"నమస్కారం డాక్టరుగారూ. పడవ ఇవ్వడం లేదండీ. క్షమించండి. మా కళాసీకి ఇంకో పరీక్ష ఉంది." కాసేపు విని, "లేదండీ, భుజం నొప్పేం లేదు, రాయిలా ఉన్నాడు," అంది.

నేను కూర్చుకున్న పళ్ల మాట వాడుకోవడానికి లేకుండా పోయింది. అదొక్కటే నాకు బాధ.

అక్టోబరు రెండో వారంలో ఆవిడ రెన్యూ చేయించుకుంది. అదే వారంలో నేను పడవ పరీక్ష మళ్లీ ఇచ్చాను. ఎర్ర స్తంభం వచ్చినప్పుడు చక్రాన్ని రెండు చేతులతో ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, అదే అబ్బాయి, "ఇసాము గారూ, విరగ్గొట్టకండి," అన్నాడు. కార్డు మీద నా ఫొటో దొంగవాడి ఫొటోలా ఉంది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మెళ్లో వేసుకున్నాను.

నవంబరు మొదట్లో, ఇంటికి పోయే ముందు, మితారాయి వెళ్లాం. ఎర్ర స్తంభం దగ్గర నేను కేకెయ్యలేదు. చిజురే వచ్చి పక్కన నిలబడింది.

"పట్టుకోనా?"

"నువ్వు గెడ తీసుకో."

గెడ తీసుకుని ముక్కు మీదికి పోయింది. నేను పడవ వెనక్కి తిప్పాను. ఆవిడ దించినంత సొంపుగా దించలేదు, ఒప్పుకుంటాను. గోడ కాస్త తొందరగా వచ్చింది. "తొయ్యి! తొయ్యి!" అని నేను, "ఎక్కడ తొయ్యను? అంతా నాచే!" అని ఆవిడ. గెడ నాచు మీద జారి, ఆవిడ చేతిలోంచి ఊడి, నీళ్లలో పడింది. పడవ గోడకి ఒక ముద్దు పెట్టి ఆగింది. రంగు కాస్త ఊడింది. చిజురు మోకు విసిరి కట్టేసింది.

గట్టు మీద మురోయి తాత పెట్టె మీంచి కదల్లేదు.

"ఏమయ్యా ఇసామూ, భుజాలు నయమయ్యాయా?"

నేను మెళ్లోంచి కార్డు తీసి పైకెత్తి చూపించాను.

"భుజాలకి ఎప్పుడూ ఏం కాలేదు తాతా. ఇన్నాళ్లూ నాకిది లేదు. మూడుసార్లు పరీక్ష తప్పాను. పడవ మీద ఇంకోసారి."

"ఆ సంగతి మాకు మొదటేడే తెలుసు," అన్నాడు తాత. "రేవులో చక్రం ఎవరు పడతారో జాలరి ముండాకొడుకులకి తెలీదా? ఏ ఏడు ఏ భుజం పోతుందోనని మేం పందేలు కట్టుకునేవాళ్లం. ఇప్పుడు మా పొద్దెట్లా పోతుంది?"

ఏదో ఒకటి గట్టిగా అందామని నోరు తెరిచాను. ఈలోపు ముక్కు మీంచి చిజురు అరిచింది.

"కబుర్లు తర్వాత చెప్పుకుందువుగానీ, సరంగూ! గెడ పోతోంది!"

పాటు మొదలై నీళ్లు బయటికి లాగుతున్నాయి. వెదురు గెడ నెమ్మదిగా రేవు ముఖం వైపు, తెల్ల స్తంభం వైపు పోతోంది. కట్టిన మోకు విప్పేసి, చక్రం తిప్పి, దాని వెనక బయల్దేరాం. రేవు దాటేలోపు దాన్ని అందుకోవాలి. అది మాత్రం కుడి పక్కనే పోతోంది, పుస్తకంలో చెప్పినట్టు.